నల్లరాళ్ళ నడుమ తెల్ల పొర: సముద్రం నడిచిన దారికి గౌరీపట్నం సాక్ష్యం

కొవ్వూరు: గౌరీపట్నం నిర్మలగిరి ఉత్సవాలకు వెళ్ళి వచ్చిన వారెవరికైనా ఆ చుట్టుపక్కల నల్లరాతి క్వారీలు తెలుసు. పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు పేర్లు చెబితే మన వైపు ముందు గుర్తుకొచ్చేది కంకరే. రోడ్డుకైనా, ఇంటి శ్లాబుకైనా అక్కడి రాయి దిగుతూనే ఉంటుంది. అయితే ఆ క్వారీ గోడను ఒక్క నిమిషం ఆగి చూసేవారు తక్కువ. కింద ఒక నల్లరాతి పొర, పైన ఇంకొక నల్లరాతి పొర. ఆ రెంటి నడుమ, భోషాణంలో చీర మడతల మధ్య దాచిన దస్తావేజులా, తెల్లని సున్నపురాయి, మట్టిరాయి కలిసిన పొర ఒకటి కనిపిస్తుంది.

క్వారీ వారికి ఆ తెల్ల పొర ఎందుకూ కొరగానిది. కంకరకు పనికిరాదు కనుక తీసి పక్కన పోస్తారు. శాస్త్రజ్ఞులకు మాత్రం అదే అసలు సరుకు. ఒకప్పుడు సముద్రం మన గుమ్మం దాకా వచ్చిందనడానికి, భారతదేశం నడిబొడ్డు దాకా కూడా వెళ్ళిందేమోననే ప్రశ్నకు ఆధారం ఆ పొరలోనే ఉంది. ఆ సాక్ష్యం చెప్పేది తిమింగలం ఎముకో, పెద్ద శంఖమో కాదు. కంటికి ఆనని చిన్న గుల్ల.

ఆవగింజే గుమ్మడికాయ

సముద్రపు నీటిలో ఫోరామినిఫెరా అనే సూక్ష్మజీవులు ఉంటాయి. ఒక్కో జీవికి ఒళ్ళంతా కలిపి ఒకే ఒక కణం. అయినా తన చుట్టూ సున్నంతో గదులు గదులుగా గుల్ల కట్టుకుంటుంది. ఆ గుల్లకు సన్నని రంధ్రాలు ఉంటాయి కనుకనే ‘రంధ్రాలు మోసేవి’ అనే అర్థం వచ్చే ఆ పేరు పెట్టారు. వీటిలో కొన్ని సముద్రం అడుగున బతుకుతాయి. కొన్ని నీటిలో తేలుతూ బతుకుతాయి. తేలే జాతులు ఈనాటి సముద్రాల్లో 50 దాకా ఉన్నాయి. జీవి చచ్చిపోగానే గుల్ల అడుగుకు దిగి బురదలో కలిసిపోతుంది. లక్షల ఏళ్ళకు ఆ బురద రాయి అవుతుంది. ఈజిప్టు పిరమిడ్ల రాళ్ళలో కూడా ఈ జాతి గుల్లలు కోకొల్లలు. అవి పెద్ద రకం కనుక కంటికి నాణేల్లా కనిపిస్తాయి.

మన క్వారీలలోని గుల్ల అలాంటిది కాదు. దాని పేరు పార్వులారుగోగ్లోబిజెరీనా యూగుబినా. పేరు గోదావరంత, ఒళ్ళు నలుసంత. మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. దాని పక్కన ఆవగింజను పెడితే ఆవగింజే గుమ్మడికాయలా కనబడుతుంది. ఇటలీలోని గుబ్బియో అనే పట్టణం పాత పేరు మీదుగా 1964లో ఈ గుల్లకు ఆ పేరు పెట్టారు.

ఇటలీ ఎక్కడ, గౌరీపట్నం ఎక్కడ? అదే ఇందులోని విశేషం. తేలే ఫోరామినిఫెరా నేల మీద నడవలేదు. మంచినీటిలో బతకలేదు. ఉప్పునీరు ఎంతవరకు ఉంటే అంతవరకే దాని రాజ్యం. ఒకే కాలానికి చెందిన ఒకే జాతి గుల్ల రెండు చోట్ల రాతిలో దొరికిందంటే, ఆనాడు ఆ రెండు చోట్ల నీరూ ఏదో ఒక దారిన కలిసి ఉండాలి. సముద్రానికీ సముద్రానికీ ఉన్న చుట్టరికాన్ని చెప్పే పురోహితుడు ఈ గుల్లే.

కట్ట వేస్తే తెలిసిపోతుంది

ఒక చెరువుకు నడుమ అడ్డంగా కట్ట వేశారనుకుందాం. కొన్నాళ్ళకు ఇటు నీరు వేరు, అటు నీరు వేరు అవుతుంది. సముద్రాలలోనూ ఇదే జరుగుతుంది. ఉత్తర, దక్షిణ అమెరికాల మధ్య ఇప్పుడు పనామా అనే సన్నని నేల ఉంది. పూర్వం అది లేదు. అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాల నీరు అక్కడ ఏకంగా ఉండేది. నేల నెమ్మదిగా పైకి లేచి, సుమారు 30 లక్షల ఏళ్ళ క్రితం దారి మూసుకుపోయింది.

ఈ సంగతి తేల్చడంలోనూ ఫోరామినిఫెరా గుల్లలదే పెద్ద పాత్ర. రెండు వైపులా సముద్రం అడుగు నుంచి తీసిన బురదలోని గుల్లలను పరీక్షించి లాయిడ్ కీగ్విన్ అనే శాస్త్రజ్ఞుడు 1982లో ఫలితాలు ప్రకటించారు. పాత పొరల్లో రెండు వైపుల గుల్లలూ ఒకే తీరుగా ఉండి, పై పొరలకు వచ్చేసరికి తేడా పడ్డాయి. అట్లాంటిక్ వైపు నీటిలో ఉప్పు పెరిగిన ఆనవాలు గుల్లల సున్నంలోనే నిలిచిపోయింది. కట్ట పడిన వేళను గుల్లే రాసిపెట్టిందన్నమాట.

పనామాలో దారి మూసుకుపోయిన కథ అయితే, మన జిల్లాలోది దారి తెరుచుకున్న కథ.

వెయ్యి కిలోమీటర్లు పారిన నిప్పు

ముందు నల్లరాయి సంగతి చూద్దాం. ఇది ఈ నేలలో పుట్టిన రాయి కాదు. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం, మన దేశం ఇంకా భూమధ్యరేఖకు దక్షిణాన ద్వీపంలా తేలుతున్న కాలంలో, పడమటి భాగాన నేల బీటలు వారి లావా పొంగింది. దక్కన్ ట్రాప్‌లు అనే నల్లరాతి కొండలు అలా ఏర్పడ్డవే. మహారాష్ట్రలోని పడమటి కనుమలు ఆ రాయే.

అంత దూరాన పొంగిన లావాకూ రాజమండ్రి రాయికీ సంబంధం ఏమిటన్న ప్రశ్న చాలాకాలం నడిచింది. రాతిలోని రసాయనాలను, వయస్సును, అయస్కాంత గుణాన్ని పోల్చి చూసిన స్టీఫెన్ సెల్ఫ్ బృందం 2008లో ఒక ఫలితం ప్రకటించింది. మన కింది పొర, పై పొర రెండూ పడమటి కనుమల్లోని రెండు వేర్వేరు లావా వరుసలతో సరిపోతున్నాయని దాని సారాంశం. అంటే ఆ నిప్పు పాత లోయల వెంట సుమారు 1000 కిలోమీటర్లు పారి ఇక్కడి సముద్రతీరానికి చేరింది. భూమి మీద ఇంత దూరం పారిన లావా ఇంకొకటి ఉందా అన్నది వారు వేసిన ప్రశ్న. ఈ నల్లరాయి గోదావరికి ఆవలి గట్టున కాతేరు దగ్గరా బయటపడుతుంది. కోనసీమ కింద వేల అడుగుల లోతునా ఉంది. చమురు బావులు తవ్వే వారు ఆ లోతు పొరకు పెట్టిన పేరు రాజోలు పొర.

మొదటి లావా వచ్చి చల్లబడింది. రెండోది రావడానికి చాలా వ్యవధి పట్టింది. ఆ వ్యవధిలో కింది రాతి మీద పేరుకున్నదే మన తెల్ల పొర.

రెండు వందల ఏళ్ళ వెదుకులాట

ఈ పొర మీద పెద్దల కన్ను పడటం కొత్త కాదు. 1830లలోనే బెంజా అనే డాక్టరు ఉత్తర సర్కారుల రాళ్ళను గురించి రాస్తూ పంగిడి గుల్లలను ప్రస్తావించారు. నాగపూరులో ఉంటూ రాళ్ళు, శిలాజాలు సేకరించిన మతబోధకుడు స్టీఫెన్ హిస్లాప్ 1860లో నాగపూరు గుల్లలనూ రాజమండ్రి గుల్లలనూ కలిపి వర్ణించారు. నాగపూరు వైపు నల్లరాళ్ళ మధ్య దొరికేవి చెరువు నత్తల వంటి మంచినీటి గుల్లలు. రాజమండ్రి వైపు దొరికేవి ఆల్చిప్పల వంటి ఉప్పునీటి, మొగనీటి గుల్లలు. 1939లో ఎస్.ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు రాజమండ్రి దగ్గరి పొరల్లోని కారా అనే నీటి నాచు శిలాజాలను వర్ణించారు. నదీముఖం దగ్గర మంచినీరూ ఉప్పునీరూ పోటీపడే చోట ఇలాంటి కలగలుపు సహజమే. అంతర్వేది వద్ద ఈనాటి గోదావరి కలిసే చోటును ఊహించుకుంటే చాలు.

అందువల్ల చాలాకాలం పాటు పండితులు చెప్పిన కథ సూటిగా ఉండేది. ఆనాడు సముద్రం రాజమండ్రి దాకా ఉంది, లోపల దేశమంతా మెట్ట, చెరువులు, వాగులు.

వయస్సు తేల్చే పని తరువాత మొదలయింది. 1993లో జయప్రకాశ్, సింగ్, డి.ఎస్.ఎన్. రాజు పాలకొల్లు ప్రాంతంలోని లోతు బావుల ఫోరామినిఫెరాను పరిశీలించి, నల్లరాతి వయస్సును గురించి రాశారు. 2008లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్, స్విట్జర్లాండుకు చెందిన థియరీ అడాటే, మన దేశానికి చెందిన సునీల్ బాజ్‌పాయ్ తదితరులు రాజమండ్రి ప్రాంతపు క్వారీల తెల్ల పొరపై ఫలితాలు ప్రకటించారు. అందులో దొరికిన చిన్న గుల్లలు, భూమి మీద డైనోసార్లు, సముద్రంలో అసంఖ్యాక జీవజాతులు నశించిన ప్రళయం ముగిసిన వెంటనే పుట్టినవని తేలింది.

ప్రళయం తరువాత పుట్టిన ఆ కొత్త జాతులు కొద్ది లక్షల ఏళ్ళు మాత్రమే బతికి అంతరించాయి. భూమి వయస్సుతో పోలిస్తే అది రెప్పపాటు. అందుకే ఈ గుల్ల దొరికిన రాయికి తేదీ ముద్ర వేసినట్టే. ఇటలీలో దొరికినా, మన దగ్గర దొరికినా అదే ముద్ర.

ఛింద్వారాలో అదే ముద్ర

ఆ మరుసటి ఏడాది, 2009లో, అదే పరిశోధకులు మరికొందరితో కలిసి ప్రకటించిన వార్త మరింత ఆశ్చర్యకరమైనది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా జిల్లాలో ఝిల్మిలీ అనే చోట, రెండు నల్లరాతి పొరల నడుమ, అదే కాలపు తేలే ఫోరామినిఫెరా దొరికాయి. అక్కడి నుంచి నేడు ఎటు వెళ్ళినా సముద్రం వందల మైళ్ళ దూరం. ఎండిన నేల, మంచినీటి మడుగులు అనుకున్న చోట ఉప్పునీటి జీవి గుల్ల!

గాలికి కొట్టుకు వచ్చిందేమో, ఏ పాత రాతి నుంచో వానకు కొట్టుకు వచ్చి కలిసిందేమో అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. పరిశోధకులు ఒక్క గుల్లను నమ్మి ఊరుకోలేదు. పొరలను అడుగు నుంచి పైదాకా వరుసగా చదివారు. అక్కడ ఆస్ట్రకోడ్లు అనే, రెండు చిప్పల మధ్య ఒదిగి ఉండే సూక్ష్మమైన రొయ్యజాతి ప్రాణులు కూడా దొరికాయి. ముందు మంచినీటి రకాలు, ఆపైన మొగనీటి రకాలు వచ్చాయి. ఆ మొగనీటి రకాలతో కలిసే ఫోరామినిఫెరా ఉన్నాయి. అంటే మడుగు ఉన్న చోటికి ఉప్పునీరు వచ్చి, కొంతకాలం ఉండి, వెనుదిరిగిందని రెండు తెగల జీవులు ఒకే మాట చెప్పాయి. కోర్టులో ఒకరినొకరు ఎరగని ఇద్దరు సాక్షులు ఒకే సంగతి చెబితే జడ్జీ వింటాడు కదా, అలాగే.

సముద్రం అక్కడికి ఏ దారిన వెళ్ళింది? నర్మద, తపతి నదుల లోయలు భూమి పగిలి ఏర్పడిన పల్లాలు. ఆ పల్లాల వెంట పడమటి నుంచి ఉప్పునీటి పాయ ఒకటి లోపలికి చొచ్చుకు వచ్చి ఉండవచ్చునని పరిశోధకులు భావించారు. ఆ లోయల్లో అంతకు చాలా ముందే, డైనోసార్ల కాలంలోనే, ఒకసారి సముద్రం వచ్చి వెళ్ళిన గుర్తులు బాగ్ ప్రాంతపు రాళ్ళలో ఉన్నాయి. గోదావరి లోయ కూడా అలాంటి పగులు పల్లమే. కనుక ఆ పాయ ఎంత వెడల్పున ఉండేది, ఎంతకాలం నిలిచింది, తూర్పు సముద్రంతో దానికి సంబంధం ఉందా అన్నవి ఇంకా వాదంలో ఉన్న సంగతులు. ఝిల్మిలీ గుల్లలు ప్రశ్న వేశాయి. జవాబు దారి పొడవునా ఉన్న తెల్ల పొరల్లో ఉండాలి. ఆ దారికి తూర్పు కొస మన గౌరీపట్నం.

ఇందులో ఇంకొక చిత్రం ఉంది. ఛింద్వారా జిల్లాలో పుట్టిన పెంచ్, కన్హాన్ నదుల నీరు వైన్‌గంగలోనూ, ఆపైన ప్రాణహితలోనూ కలిసి చివరికి మన గోదావరిలోకే వస్తుంది. ఆ జిల్లాలో పడిన వాన కొంతయినా కొవ్వూరు వంతెన కింద నుంచి సముద్రానికి పోతోంది. నేడు అక్కడి నీరు మన సముద్రానికి వస్తోంది. ఆనాడు సముద్రమే అక్కడికి వెళ్ళింది.

బియ్యంలో రాళ్ళు ఏరినట్టు

ఇంత చిన్న గుల్లను రాతిలో పట్టుకునేదెలా? పని ఓపికది గానీ, పద్ధతి మన ఇళ్ళలో తెలిసినదే. తెల్ల పొరను అడుగు నుంచి మొదలుపెట్టి కొద్ది అంగుళాలకు ఒక పిడికెడు చొప్పున తీసి, ఏ ఎత్తున తీసినదో రాసి సంచుల్లో కడతారు. మెత్తటి రాయిని నీళ్ళలో నానబెట్టి, వెంట్రుక దూరనంత సన్నని కన్నుల జల్లెడ మీద కడుగుతారు. బురద పోయి ఇసుక లాంటి నలుసు మిగులుతుంది. దాన్ని ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పోసి, తడి కుంచె కొసతో ఒక్కొక్క గుల్లనూ ఏరతారు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టే, కాకపోతే ఇక్కడ రాళ్ళు వదిలేసి గింజ ఏరాలి. నానని గట్టి సున్నపురాయిని పలకగా కోసి, వెలుతురు దూరేంత పలచగా అరగదీసి చూస్తారు.

ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైనది వరుస. ఏ గుల్ల కింద ఉంది, ఏది పైన ఉంది అన్నది తెలియాలి. వరుస చెదిరితే సాక్ష్యం పోయినట్టే. క్వారీ పక్కన గుట్టగా పోసిన మట్టిలో గుల్ల దొరికినా అది ఏ ఎత్తుదో చెప్పలేరు. పేజీలు చించి గాలికి వదిలిన పుస్తకంలో కథ ఎవరు చదవగలరు?

ఇది వట్టి పాండిత్యం కాదు. మన డెల్టాలో చమురు, సహజవాయువు కోసం బావులు తవ్వే ఓఎన్‌జీసీ వారు ఏ లోతున ఏ కాలపు రాయి ఉందో తెలుసుకునేది కూడా ఇలాంటి గుల్లలతోనే. అలాంటి బావుల నుంచి పైకి తెచ్చిన రాతి ముక్కలను చదివి, లావా పొంగిన వేళకూ సముద్రజీవుల నాశనానికీ ఉన్న సంబంధం గురించి కెల్లర్ బృందం 2011లో మరో నివేదిక ప్రకటించింది. మెక్సికో దగ్గర పడిన పెద్ద ఉల్క వల్లనే ప్రళయం వచ్చిందనే వారికీ, దక్కన్ లావా పాత్ర కూడా పెద్దదే అనే వారికీ నడుస్తున్న వాదంలో మన జిల్లా రాళ్ళు ఇలా సాక్షిగా నిలిచాయి.

తవ్వకమే చూపింది, తవ్వకమే మింగుతుంది

ఇక మన ఊళ్ళ సంగతి. క్వారీలు లేకపోతే ఈ తెల్ల పొర ఎవరికీ కనపడేది కాదు. నల్లరాయి కింద కప్పబడి ఉండేది. ఆ మాటకు క్వారీలకు కృతజ్ఞత చెప్పుకోవలసిందే. వందలాది కుటుంబాలకు ఆ రాయే కూడు పెడుతోంది. క్వారీలు మూయాలని ఎవరూ అనరు. కాని పై పొర తీసి, తెల్ల పొర ఎత్తిపోసి, కింది పొర పగలగొట్టుకుంటూ పోతే, పొరలు వరుసగా కనిపించే గోడ ఒక్కటీ మిగలని రోజు వస్తుంది. తవ్వి వదిలిన గోతులు నీళ్ళతో నిండితే ఉన్న గోడా మునుగుతుంది. రాయి పగిలితే మళ్ళీ అతికించలేము. గుల్ల మళ్ళీ పుట్టదు. అది కోట్ల ఏళ్ళ క్రితమే అంతరించిన జాతి.

మన రాష్ట్రంలోనే తిరుమల శిలాతోరణాన్ని, కడప వైపు మంగంపేట ముగ్గురాయిని, విశాఖ దగ్గరి ఎర్రమట్టి దిబ్బలను జాతీయ భూవిజ్ఞాన స్మారకాలుగా గుర్తించారు. గౌరీపట్నం, దుద్దుకూరు, కాతేరు పొరలు ఆ వరుసలో నిలవదగినవి. అడిగేదల్లా పెద్దదేమీ కాదు. రెండు నల్ల పొరలూ నడిమి తెల్ల పొరా చక్కగా కనిపించే చోట, ఇక తవ్వకం అక్కరలేని పాత క్వారీ గోడ కొన్ని గజాలు విడిచిపెట్టాలి. చుట్టూ కంచె వేసి, అది ఏమిటో తెలుగులో రాసిన పలక ఒకటి నిలబెట్టాలి. పంచాయతీలు, గనుల శాఖ, క్వారీల యజమానులు కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయే పని ఇది.

చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కూడా ఒక పూట పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళవచ్చు. పాత గోడ కాబట్టి పేలుళ్ళ బెడద ఉండదు. అయినా గోడకు మరీ చేరువగా వెళ్ళకుండా దూరం నుంచే చూపాలి. కింది నల్లరాయి మీద వేలు చూపి ‘ఇక్కడిదాకా నిప్పు వచ్చింది’ అనీ, తెల్ల పొర చూపి ‘ఇక్కడ సముద్రం నిలిచింది’ అనీ, పై నల్లరాయి చూపి ‘మళ్ళీ నిప్పు వచ్చింది’ అనీ చెబితే చాలు. పాఠ్యపుస్తకంలో పది పేజీలు చదివినా అబ్బని చదువు అక్కడ నిలబడితే అబ్బుతుంది.

రోడ్డు వేయడానికి రాయి ఇంకా చాలా చోట్ల దొరుకుతుంది. సముద్రం నడిచిన దారి రాసిపెట్టిన రాయి మాత్రం మన ఊళ్ళలో ఈ కాస్త చోటే ఉంది.